వానాకాలంలోనూ ఆకు నిలిచే గులాబీలు: బెంగళూరులో సేంద్రియ పెంపకానికి ఏ రకాలు ఎంచుకోవాలి?

ప్రశ్న
రాసినవారు: జేపీ నగర్ పెరడు

అందరికీ నమస్కారం. మేము జేపీ నగర్‌లో 30×40 సైటులో కట్టిన ఇంట్లో ఉంటున్నాము. కాంపౌండు గోడ లోపలివైపు మూడడుగుల వెడల్పున మట్టి జాగా వదిలారు. అక్కడ పొద్దున్నే పడిన ఎండ పదకొండు గంటల దాకా ఉంటుంది, ఆ తర్వాత పక్కింటి నీడ వచ్చేస్తుంది. ఆ జాగాలో గులాబీలు పెంచాలన్నది మా కోరిక. పూలు దేవుడికి పెట్టడానికీ, మిగిలిన రేకులతో గుల్కంద్ చేసుకోవడానికీ కావాలి కనుక రసాయన మందుల జోలికి పోకూడదని మొదటే అనుకున్నాము.

చిక్కేమిటంటే, నర్సరీ నుంచి తెచ్చిన మొక్కలు ఏప్రిల్, మే నెలల్లో కళకళలాడుతూ ఉంటాయి. జూలై వచ్చేసరికి కింది ఆకుల మీద నల్లటి మచ్చలు, వాటి చుట్టూ పసుపు కనబడతాయి, సెప్టెంబరు నాటికి కొమ్మల చివర నాలుగు ఆకులు తప్ప మరేమీ మిగలదు. చలికాలంలో మళ్లీ చిగురు వేస్తాయి కానీ, ఆ చిగురు మీద తెల్లటి పొడి పట్టి ఆకు ముడుచుకుపోతుంది. మొక్కలు అమ్మిన చోట అడిగితే, వారానికొకసారి మందు కొట్టాల్సిందేననీ, కొట్టకుండా గులాబీ ఎక్కడైనా బతుకుతుందా అనీ నవ్వేశారు. వేపనూనెను క్రమం తప్పకుండా కొట్టి చూశాము, నల్లమచ్చ పెద్దగా లొంగలేదు.

కాబట్టి మందుల గురించి కాక రకాల గురించి అడుగుతున్నాను. ఆన్‌లైన్‌లో కొందరు రోగాలు రాని విదేశీ రకాలని రాసి మూడు నాలుగు రెట్ల ధరకు మొక్కలు అమ్ముతున్నారు. ఆ మాట మన వాతావరణంలో ఎంతవరకు నిలుస్తుంది? నాటు గులాబీలతోనే సరిపెట్టుకోవాలా? మరో సంగతి, మా అత్తగారికి గురువారం పూజకు పసుపు గులాబీ ఉండాలి. పసుపులో గట్టి రకం ఏదైనా ఉంటే దయచేసి చెప్పండి.


సమాధానం
రాసినవారు: బసవనగుడి పూలతోట

మీ వర్ణనలో రెండు రోగాలున్నాయి, వాటికి కావలసిన వాతావరణాలు వేర్వేరు. రకాల ఎంపికకు ముందు ఇది తెలియడం అవసరం, ఎందుకంటే ఒక రోగాన్ని చక్కగా తట్టుకునే మొక్క రెండోదానికి ఇట్టే దొరికిపోవచ్చు.

వానాకాలంలో వచ్చేది నల్లమచ్చ తెగులు. దాని శిలీంధ్రం పేరు డిప్లోకార్పన్ రోజే. దాని బీజాలు మొలవాలంటే ఆకు దాదాపు ఏడు గంటల పాటు ఆరకుండా తడిగా ఉండాలి, 18 నుంచి 24 డిగ్రీల మధ్య వేడి దానికి బాగా సరిపోతుంది. జూన్ నుంచి అక్టోబరు దాకా బెంగళూరులో రాత్రంతా ముసురు పట్టి ఉండే రోజుల్లో ఈ రెండూ అడగకుండానే కుదురుతాయి. చలికాలంలో వచ్చేది బూడిద తెగులు. దానికి ఆకు తడవనవసరం లేదు, పగలు పొడిగా 27 డిగ్రీల దాకా వెచ్చగా ఉండి, రాత్రి 15, 16 డిగ్రీలకు దిగి గాలిలో తేమ పెరిగితే చాలు. డిసెంబరు, జనవరి నెలల్లో మన ఊరి వాతావరణం అచ్చంగా ఇదే. అందరూ మెచ్చుకునే ఈ వాతావరణం మనుషులకు ఎంత హాయో ఈ రెండు శిలీంధ్రాలకూ అంతే హాయి. పైగా యూరప్‌లో లాగా మంచు కురిసి మొక్క ఆకంతా రాల్చి నిద్రపోయే కాలం ఇక్కడ లేదు, ఏడాది పొడుగునా ఏదో ఒక ఆకు మీద రోగం కాపురం ఉంటూనే ఉంటుంది.

ఇక విదేశీ రకాల విషయం. ఆ పేరు పూర్తిగా బూటకం అనలేము. జర్మనీలో ఏ.డి.ఆర్. పేరిట 1948 నుంచి కొత్త గులాబీలను పలు ఊళ్లలోని తోటల్లో నాటి పరీక్షిస్తున్నారు. 1997 నుంచి ఆ పరీక్షల్లో మందు చుక్క కూడా వాడడం లేదు, కనుక ఆ గుర్తు దక్కిన రకానికి విలువ ఉంది. అమెరికాలో విలియం రాడ్లర్ అనే ఆయన రోగం సోకిన ఆకులను ఏరి, ఎండబెట్టి, పొడి చేసి తన నారు మీద చల్లి, పైనుంచి నీళ్లు చిలకరించి, ఆ బాధకు తట్టుకున్న మొక్కలనే మిగుల్చుకుంటూ వచ్చారు. 2000లో విడుదలైన నాకౌట్ అనే గులాబీ అలా పుట్టినదే. అయితే నల్లమచ్చ శిలీంధ్రంలో అనేక తెగలున్నాయి. ఒక దేశంలో ఉన్న తెగలను ఎదిరించిన మొక్క, మరో దేశంలోని తెగ ముందు ఓడిపోవడం తెలిసిన విషయమే. జర్మనీలో సంపాదించిన పేరు జేపీ నగర్‌లో చెల్లుతుందన్న హామీ ఎవరూ ఇవ్వలేరు. నాకౌట్‌కు వాసన దాదాపు లేదు కాబట్టి మీ గుల్కంద్‌కూ అది పనికిరాదు.

టెక్సాస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయం వారి ఎర్త్‌కైండ్ పరీక్షలు మనకు కాస్త దగ్గరివి. అక్కడా ఎండ తీవ్రం, నేలలోనూ నీటిలోనూ క్షారం ఎక్కువ. మందులు వేయకుండా, మొదళ్లలో ఆకులూ చెక్కపొట్టూ కప్పి, చాలా తక్కువ సంరక్షణతో పెంచి చూసి వారు ఎంపిక చేసిన జాబితాలో మ్యుటబిలిస్, సెసిల్ బ్రూనర్, ద ఫెయిరీ, డచెస్ ద బ్రబాంట్ వంటి పాత రకాలు చాలా ఉన్నాయి. గమనించదగ్గ సంగతేమిటంటే, వీటిలో ఎక్కువ భాగం చైనా, టీ, పాలియాంథా అనే గులాబీ కుటుంబాలకు చెందినవి. వెచ్చని చోట ఏడాది పొడుగునా పెరిగే స్వభావం ఈ కుటుంబాల్లో ఉంది. నేనైతే రకం పేరు కంటే కుటుంబం పేరు చూసి కొంటాను. పెద్ద మొగ్గ, పొడవైన కాడ ఉన్న హైబ్రిడ్ టీ రకాలను నూరేళ్లకు పైగా పువ్వు చూసి ఎంపిక చేశారు, ఆకు చూసి ఎవరూ చేయలేదు. వాటితో మందు లేని తోట నడపడం కష్టం.

పసుపు గురించి మీ అత్తగారికి నచ్చని మాట చెప్పాల్సి వస్తోంది. ముదురు పసుపు, నారింజ రంగులు నేటి గులాబీల్లోకి ప్రవేశించినది 1900లో, ఫ్రాన్సులోని లియాన్‌లో పెర్నె డ్యుషే విడుదల చేసిన సోలెయ్ డోర్ ద్వారా. ఆ రంగు పర్షియన్ యెల్లో అనే గులాబీ నుంచి, అంటే రోజా ఫీటిడా అనే పొడి ప్రాంతపు జాతి నుంచి వచ్చింది. ఆ జాతికి నల్లమచ్చను ఎదిరించే శక్తి చాలా తక్కువ, రంగుతో పాటు ఆ బలహీనత కూడా సంతానానికి దిగింది. అందుకే నర్సరీలో కళ్లు చెదిరే పసుపు రంగు మొక్క సెప్టెంబరులో అందరికంటే ముందు మోడవుతుంది. ఈ వంశంలోదే అయిన పీస్ అనే ప్రసిద్ధ రకం ఆకులు అద్దంలా మెరుస్తాయి, అయినా దానికి మచ్చ వస్తుంది. మెరిసే ఆకుకు రోగం రాదని చెప్పే మాట నమ్మి డబ్బు పెట్టకండి.

అయితే 1900కు ముందు పసుపు అసలే లేదని కాదు. పాత టీ గులాబీల్లో వెన్న రంగు, లేత పసుపు ఉండేవి, వాటికి ఫీటిడా రక్తం లేదు. ఎర్త్‌కైండ్ జాబితాలో ఉన్న మిసెస్ డడ్లీ క్రాస్ అటువంటిదే. లేత పసుపు, అంచున గులాబీ ఛాయ, కొమ్మలకు ముళ్లు దాదాపు ఉండవు. ప్రతి నర్సరీలోనూ దొరికే మొక్క కాదు, పాత రకాలు సేకరించేవారి దగ్గర వెతకాలి. పసుపు అంటే పచ్చి పసుపుకొమ్ము రంగే కావాలంటే మాత్రం, ఒక్క మొక్కను కుండీలో, వాన నేరుగా పడని సజ్జా కింద, మిగతావాటికి దూరంగా ఉంచుకోండి.


సమాధానం
రాసినవారు: యలహంక మిద్దెతోట

పైన బసవనగుడి వారు చెప్పిన కుటుంబాల మాటతో ఏకీభవిస్తాను. కానీ రకం ఎంపికకు అంత బరువు ఇవ్వడం మీద నాకు అభ్యంతరం ఉంది. మూడడుగుల జాగా, ఒకవైపు గోడ, పదకొండు తర్వాత నీడ: ఈ మూడూ కలిసిన చోట ఎంత గట్టి రకానికైనా పరీక్షే. రాత్రి కురిసిన వాన ఆకు మీద నుంచి ఉదయం ఎనిమిదికి ఆరుతుందా, పదకొండుకు ఆరుతుందా అన్నదాని మీదే సగం ఫలితం ఆధారపడుతుంది. మీకు ఎండ ఉదయం పూట రావడం అదృష్టం, అదే సాయంత్రపు ఎండ అయి ఉంటే గులాబీ వద్దు, మందారం పెట్టుకోండి అని చెప్పేవాణ్ణి.

మా ఇంట్లో ఒకే తల్లి మొక్క నుంచి తీసిన కొమ్మలు రెండు చోట్ల ఉన్నాయి. నాలుగు వైపులా గాలి ఆడే మిద్దె మీది కుండీలో ఉన్నది వానాకాలం చివరిదాకా ఆకు నిలుపుకుంటుంది, కింద గోడల మధ్య సందులో ఉన్నది నిలుపుకోలేదు. రకం ఒకటే, మట్టి కూడా ఒకటే.

అందుచేత నాటేటప్పుడు గోడ నుంచి కనీసం అడుగున్నర ఇవతలికి జరపండి. మొక్కకూ మొక్కకూ మధ్య రెండున్నర, మూడడుగులు వదలండి. జాగా చిన్నది కదా అని ఆరింటిని ఇరికించడం కంటే మూడింటిని గాలి ఆడేలా పెట్టుకోవడం మేలు. నీళ్లు పైపుతో పైనుంచి కొట్టవద్దు, మొదట్లో పోయండి, అదీ ఉదయమే. నల్లమచ్చ బీజాలు గాలికి కొట్టుకుపోయేవి కావు, నీటి చుక్క నేల మీద పడి ఎగిరినప్పుడు దానితో పాటు కింది ఆకుకు ఎక్కుతాయి. మీ మొక్కల్లో కింది ఆకులకే ముందు మచ్చ వచ్చిందని రాశారు, కారణం ఇదే. మే నెలలో తొలివానలకు ముందే మొదళ్లలో రెండు మూడు అంగుళాల మందాన ఎండుటాకులో, కొబ్బరిపీచో పరచండి, రాలిన మచ్చ ఆకును ఏ రోజుకారోజు ఏరి చెత్తలో వేయండి. దాన్ని ఇంటి కంపోస్టు కుండీలో వేయవద్దు, మన ఇళ్లలోని కుండీలు శిలీంధ్రాన్ని చంపేంతగా వేడెక్కవు.

ఎరువు విషయంలో కూడా కొంత నిగ్రహం కావాలి. వేరుశనగ చెక్క నానబెట్టిన నీళ్లు వారం వారం పోస్తే చిగురు దండిగా, లేతగా వస్తుంది, ఆ లేత చిగురే బూడిద తెగులుకు విందు. చలికాలం మొదలయ్యే ముందు నత్రజని తగ్గించి, బాగా మాగిన పశువుల ఎరువుతో సరిపెట్టండి. ఇంకొక మాట, మీరు బోరు నీళ్లు పోస్తున్నట్లయితే, ఆకు ఈనెలు పచ్చగా ఉండి మధ్య భాగమంతా పసుపు తిరగడం చూస్తారు. అది తెగులు కాదు. నీటిలోని క్షారం వల్ల మట్టిలో ఉన్న ఇనుము మొక్కకు అందకపోవడం. గులాబీకి మట్టి ఉదజని సూచిక (pH) 6 నుంచి 6.5 మధ్య ఉంటే మంచిది. మిద్దె మీది వాన నీళ్లు పట్టి పోయగలిగితే అంతకంటే చవకైన వైద్యం లేదు.


ప్రతిస్పందన
రాసినవారు: జేపీ నగర్ పెరడు

ఇద్దరికీ ధన్యవాదాలు. మీ మాటలు చదివాక ఆకులు కోసి భూతద్దం కింద పెట్టి చూశాను. రెండు రకాల మచ్చలు కనబడుతున్నాయి. కొన్నిటి అంచు సూటిగా లేదు, సిరా చుక్క మీద నీరు పడినట్లు చుట్టూ నూలుపోగుల్లా చీలి ఉంది, లోపల నల్లటి చిన్న చిన్న బుడిపెలు ఉన్నాయి. మరికొన్ని చిన్నవి, గుండ్రంగా ఉన్నాయి, నడుమ బూడిద రంగు, చుట్టూ ఊదా రంగు గీత స్పష్టంగా గీసినట్లు ఉంది. రెండూ నల్లమచ్చేనా?

అలాగే, బసవనగుడి వారు చెప్పిన పాత రకాలు మాకు దగ్గరలో ఎక్కడా కనబడలేదు. సిద్ధాపుర నర్సరీల్లో అడిగితే బటన్ రోజ్, కాశ్మీరీ, పన్నీరు గులాబీ అంటూ చూపించారు. అవి ఏ కుటుంబానివో వారికీ తెలియదు. అలాంటప్పుడు ఎలా ఎంచుకోవాలి? అంటు మొక్క మంచిదా, కొమ్మ నాటి పెంచినది మంచిదా?


సమాధానం
రాసినవారు: హెసరఘట్ట రోడ్డు

అంచు నూలుపోగుల్లా చీలినది నల్లమచ్చ. నడుమ బూడిద రంగుతో ఊదా గీత ఉన్నది సెర్కోస్పోరా ఆకుమచ్చ. ఈ రెండోది చూడడానికి భయపెడుతుంది కానీ, సాధారణంగా నల్లమచ్చ లాగా మొక్కను మోడు చేయదు. రాలిన ఆకులు ఏరడం, మొదట్లో కప్పు వేయడం రెండింటికీ పనికొస్తాయి. రకాన్ని ఎంచుకునేటప్పుడు మాత్రం నల్లమచ్చనే ప్రమాణంగా పెట్టుకోండి.

నర్సరీలో ఎలా ఎంచుకోవాలన్న ప్రశ్నకు నా జవాబు: నర్సరీలో ఎంచుకోకండి. అక్కడి మొక్కలకు అమ్ముడుపోయే దాకా మందు కొడుతూనే ఉంటారు, ఆ నిగనిగ మందుదా, మొక్కదా అన్నది ఎవరూ చెప్పలేరు. సెప్టెంబరు చివర, వానలు ఇంకా ఉన్న రోజుల్లో మీ వీధుల్లో ఒక చుట్టు తిరిగి చూడండి. బెంగళూరులో సెప్టెంబరు, అక్టోబరు నెలలే ఎక్కువ వాన కురిసే కాలం, పరీక్షకు అంతకంటే మంచి సమయం దొరకదు. పాత ఇళ్ల ముందు, గుళ్ల పక్కన, ఎవరూ పట్టించుకోని చోట ఒకటి రెండు గులాబీ పొదలు ఉంటాయి. మోకాలి ఎత్తులో కూడా ఆకు నిలిచి ఉన్న పొద కనబడితే, దానికి ఎన్నేళ్లు, ఎప్పుడైనా మందు కొట్టారా అని ఇంటివారిని అడగండి. ఎన్నో ఏళ్లుగా ఉంది, ఏమీ కొట్టము అని చెబితే, దాని పేరు ఎవరికీ తెలియకపోయినా సరే, మీకు కావలసిన మొక్క అదే. మన ఊరి తెగల మధ్య, మన ఊరి వానలో, మందు లేకుండా నెగ్గిన మొక్క అది. జర్మనీవారి పరీక్ష మనకు చెప్పలేనిది ఇదే.

ఆ చూసేటప్పుడు రెండు స్వభావాలను వేరుగా గుర్తించండి. కొన్ని పొదలకు మచ్చ చాలా తక్కువ వస్తుంది. కొన్నిటికి మచ్చ వస్తుంది, ఆకు రాలుతుంది, కానీ మూడు వారాలు తిరక్కుండానే మళ్లీ నిండుగా చిగురిస్తాయి. తెల్లటి ఐస్‌బర్గ్ ఇలా తేరుకునే మొక్కకు మంచి ఉదాహరణ. సేంద్రియ తోటకు రెండో స్వభావమూ పనికొస్తుంది, ఇంటి ముందు రెండు వారాలు బోసిగా ఉన్నా ఫరవాలేదనుకుంటే.

ఆ పొద నుంచి, పూత అయిపోయిన కొమ్మను, పెన్సిలు మందంలో, జానెడు పొడవున, మూడు నాలుగు కణుపులు ఉండేలా అడిగి కోసుకురండి. కింది కణుపుకు దిగువన కోసి, పైన రెండు ఆకులు మాత్రం ఉంచి, ఇసుక కలిపిన కొబ్బరిపొట్టులో నాటి, నీడలో తేమ ఆరకుండా ఉంచితే నాలుగు నుంచి ఆరు వారాల్లో వేరు పడుతుంది. అన్నీ పడవు, కనుక ఐదారు కొమ్మలు తెచ్చుకోండి. చైనా, టీ, పాలియాంథా, పన్నీరు గులాబీల కొమ్మలు బాగానే వేరు పోసుకుంటాయి. పసుపు హైబ్రిడ్ టీలు చాలావరకు మొండికేస్తాయి, వాటికి అంటు కట్టడమే గతి.

అంటు మొక్క చెడ్డదేమీ కాదు. అయితే దాని కింద ఏ మొక్క మీద కన్ను అంటు కట్టారో గమనించండి. మన ప్రాంతంలో తరచుగా వాడేది ఎడ్వర్డ్ గులాబీ. ఇది సామాన్యమైన మొక్క కాదు. హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ దీవిలో, అప్పట్లో దాన్ని బూర్బాన్ దీవి అనేవారు, చైనా గులాబీకీ డమాస్క్ గులాబీకీ తనంత తానుగా పుట్టిన సంకరం అది, బూర్బాన్ గులాబీల వంశమంతా దాని నుంచే మొదలైంది. అంటు కట్టిన చోటికి దిగువ నుంచి వచ్చిన కొమ్మను తీసేయమని అందరూ సలహా ఇస్తారు, న్యాయమే. కానీ మీకు కావలసింది పూజకూ గుల్కంద్‌కూ వాసన ఉన్న పూలే కదా, ఆ ఎడ్వర్డ్‌నే విడిగా ఒక మొక్కగా ఎందుకు పెంచకూడదు? దానికి రోగమే రాదని నేను అనను. బాగా పెరుగుతుంది, కొట్టేసినా తిరిగి లేస్తుంది, రేకుకు వాసన ఉంది. నా ఓటు దానికే.

రకం ఎంత మంచిదైనా కొమ్మ ఎండు తెగులు మాత్రం ఎక్కువగా కత్తిరింపు గాయం నుంచే వస్తుంది. కత్తిరించిన చివర నుంచి కొమ్మ నల్లబడుతూ కిందికి దిగుతుంది. వాన పడే రోజున కత్తెర పట్టుకోవద్దు, వానలు తగ్గుముఖం పట్టాక పొడి వాతావరణంలో, నల్లబడిన భాగానికి దిగువన, లోపల తెల్లగా కనబడే దాకా కోసి, కోత మీద బోర్డో పేస్టు పూయండి. మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్, అంటే రాగి లవణం) 100 గ్రాములు, సున్నం 100 గ్రాములు విడివిడిగా నీటిలో కరిగించి, మొత్తం లీటరు అయ్యేలా కలిపితే ఆ పేస్టు తయారవుతుంది. ఇనుప పాత్ర వాడకూడదు. సేంద్రియ ప్రమాణాలు రాగిని పరిమితులతో అనుమతిస్తాయి. అయినా అది మట్టిలో పేరుకుపోయే లోహం కాబట్టి కోతలకు పూయడం వరకే ఉంచుకొని, ఆకుల మీద ప్రతి నెలా కొట్టే అలవాటు చేసుకోవద్దు.

చలికాలపు బూడిద తెగులుకు పాలు నిజంగానే పనిచేస్తాయి. 1999లో బ్రెజిల్‌లో జుకినీ మొక్కల మీద చేసిన ప్రయోగంలో నీటిలో కలిపిన పాలు ఆ తెగులును బాగా అదుపు చేసినట్లు తేలింది. ఒక వంతు పాలకు తొమ్మిది వంతుల నీరు కలిపి, వారానికొకసారి, ఎండ పడే ఉదయం వేళ చిగుళ్ల మీద కొట్టండి. నల్లమచ్చ మీద దానికి అంత పట్టు లేదు. గంధకం కూడా బూడిద తెగులుకు మంచి మందే, కానీ 32 డిగ్రీలు దాటిన రోజున ఆకును మాడుస్తుంది, వేపనూనె కొట్టిన రెండు వారాల లోపు అసలు వాడకూడదు. మీరు రేకులు తింటారు కనుక పాలతో ఆగిపోతే మంచిది.


సమాధానం
రాసినవారు: అన్నానగర్, చెన్నై

ఈ చర్చ చదివే చెన్నైవారి కోసం ఒక్క మాట. మా దగ్గర లెక్క వేరు. ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా ఉండే వేడిలో నల్లమచ్చ అంతగా విజృంభించదు, మా వానలు అక్టోబరు నుంచి డిసెంబరు వరకు కనుక దాని సమయం కూడా అప్పుడే. చలి లేదు కనుక బూడిద తెగులు కూడా బెంగళూరు స్థాయిలో ఉండదు. మా మొక్కలను ఎక్కువగా దెబ్బతీసేవి ఎండాకాలంలో వచ్చే ఎర్రనల్లి, మొగ్గలను మాడ్చే తామర పురుగులు. కాబట్టి బెంగళూరులో నెగ్గిన మొక్క చెన్నైలో నెగ్గుతుందని అనుకోలేము. ఇక్కడ విడిపూల కోసం రైతులు పెంచే ఎడ్వర్డ్, ఆంధ్రా రెడ్ అనే రెండింటినే నేను ఇంటి తోటకు కూడా ఎంచుకున్నాను. తమిళనాడులో తోటల్లో ఆంధ్రా పేరు వినబడితే తెలుగువారికి కలిగే సంతోషం వేరు, అది ఎంపికకు కారణం కాదనుకోండి. ఎర్రనల్లికి ఆకుల అడుగుభాగం తడిసేలా ఉదయం పూట గట్టిగా నీళ్లు కొట్టడమే నేను చేసేది. నల్లమచ్చ ఉన్న బెంగళూరులో ఇది వానాకాలంలో చేయకండి.


సమాధానం
రాసినవారు: బసవనగుడి పూలతోట

హెసరఘట్ట రోడ్డు వారు చెప్పిన వీధి పరీక్ష నా కుటుంబాల లెక్క కంటే నమ్మదగినది, ఒప్పుకుంటాను. రెండింటినీ కలిపి వాడుకోవచ్చు. కనబడిన పొద ఏ కుటుంబానిదో పేరు తెలియకపోయినా పోల్చుకోవచ్చు: చిన్న పూలు గుత్తులు గుత్తులుగా, ఆకు సన్నగా ఉంటే పాలియాంథా వైపుది. సన్నని కొమ్మలు, లేత చిగురు రాగి రంగు, పువ్వు తల వంచుకొని ఉంటే టీ వైపుది. గుండ్రటి గులాబీ రంగు పువ్వు, గాఢమైన పన్నీరు వాసన ఉంటే ఎడ్వర్డ్ లేదా దాని చుట్టాలు. బటన్ రోజ్ అని మీకు చూపించినవి చాలావరకు మొదటి తరహావి అయి ఉంటాయి. వాటిని కొనడంలో నష్టం లేదు, ధర కూడా తక్కువే.

వెచ్చని దేశాలకు తగిన గులాబీల కోసం మన దగ్గర అసలు ప్రయత్నమే జరగలేదని అనుకోవద్దు. కొడైకెనాల్‌లో ఎం.ఎస్. వీరరాఘవన్ గారు ఎన్నో దశాబ్దాలుగా మన నేలలోని అడవి జాతులతోనే సంకరాలు చేస్తున్నారు. మణిపూర్, బర్మా కొండల్లోని రోజా జైగాంటియా ఒకటి, బెంగాల్ ప్రాంతపు నీటి ఒడ్డున పెరిగే రోజా క్లైనోఫిల్లా మరొకటి. నీటిలో కాళ్లు పెట్టుకొని, ఉష్ణమండలపు వేడిలో బతికే గులాబీ జాతి క్లైనోఫిల్లా. చలిదేశపు గులాబీలను ఇక్కడ బతికించడానికి తంటాలు పడడం కంటే, ఇక్కడి జాతుల నుంచి మొదలుపెట్టడం సబబన్నది ఆయన దృష్టి. ఆ సంకరాలు ఎక్కడైనా మీ కంటబడితే వదలకండి.

మీ జాగాకు నా సూచన: గోడకు అడుగున్నర ఇవతల ఎడ్వర్డ్ ఒకటి, వీధిలో వెతికి తెచ్చిన పొద ఒకటి, బటన్ రోజ్ ఒకటి. ఈ మూడింటినీ ఈ వానాకాలం మందు లేకుండా చూడండి. అక్టోబరు మొదటి వారంలో మోకాలి కింద ఆకు లేని దాన్ని మొహమాటపడకుండా తీసేసి, నిలిచిన దాని కొమ్మనే ఆ గుంటలో నాటండి. పసుపు గులాబీ విషయంలో మిసెస్ డడ్లీ క్రాస్ దొరికే దాకా సజ్జా కింద కుండీ ఏర్పాటు సరిపోతుంది. దానికి వారానికి రెండు పూలు వచ్చినా మీ అత్తగారి గురువారం గడుస్తుంది. మీరు వెతికిన వీధుల్లో పేరు తెలియని పొద ఏదైనా బాగా కనబడితే, దాని ఆకూ పువ్వూ ఫోటో తీసి ఇక్కడ పెట్టండి. నాకూ ఒక కొమ్మ కావాలి.